స్కాన్‌లో కనిపించని మధ్యాహ్నం

ముందే చెబుతున్నాను, నేను బాగుపడ్డాక రాస్తున్న మాటలు కావివి. నాకున్న జబ్బు పూర్తిగా బాగయ్యే రకం కాదు. కాకపోతే దిగజారడం కొంచెం నెమ్మదించింది, వేళ్ల మధ్య పెన్ను నిలుస్తోంది. అది కూడా రోజుకు అరపేజీ వరకే, ఆ తర్వాత చెయ్యి మొరాయిస్తుంది. నువ్వు చెబుతుంటే నేను ఫోన్లో టైప్ చేస్తానని మా అమ్మాయి స్వాతి అంటుంది గానీ, దాని తెలుగు సంగతి నాకు తెలుసు. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి ముద్ద చేస్తుంది. పైగా ఇందులో దానికి చెప్పని సంగతి ఒకటి ఉంది. అందుకే నేనే రాసుకుంటున్నాను.

2020, లూములు ఆగినప్పుడు

సిరిసిల్ల వైపు నుంచి మా తాతల కాలంలో వచ్చిన నేతవాళ్లం మేము. సూరత్ శివారు ఉన్‌లో ఒక లూముల ఖాతా పైన రెండు గదుల్లో ఉంటాం. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. నా భర్త రాజేశం ఆ ఖాతాలోనే మగ్గం దిగిన బట్టను ట్యూబులైటు ముందు పరిచి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ మరక పడిందో చూసే పని చేస్తాడు. నేను కింద కండెలు చుట్టే మిషన్ దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాను. మాతోపాటు అత్తమ్మ ఉండేది.

కింద లూములు నడుస్తుంటే పైన మా నేల సన్నగా వణుకుతుంది. గిన్నెలో నీళ్లూ వణుకుతాయి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఒక్కపూటకే తల పట్టుకుంటారు గానీ మాకది ఉన్నట్టే తెలియదు. కాబట్టి నా అరికాళ్లు ఎప్పుడూ జివ్వుజివ్వుమంటుంటే లూములేలే అనుకున్నాను. ఎన్నాళ్లు అలా అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఏడాదో, రెండేళ్లో.

లాక్‌డౌన్ పెట్టారు, లూములు ఆగాయి. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎరగను. చెవుల్లో దూది పెట్టినట్టుందని అత్తమ్మ అంది. గిన్నెలో నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. నా కాళ్లలో వణుకు మాత్రం ఆగలేదు. నేల మీద అరచెయ్యి ఆనించి చూశాను. నేల చల్లగా, ఊరికే ఉంది. ఇంకాసేపట్లో ఆగుతుందిలే అనుకున్నాను. వారం గడిచింది. రాజేశానికి చెబితే, ఇరవై ఏళ్ల అలవాటు వారంలో పోతుందా అన్నాడు. నాకూ నిజమే అనిపించింది, ఎందుకంటే అలా అనిపించడమే సుఖంగా ఉంది.

తర్వాత చెప్పు సంగతి. నడుస్తుంటే ఎడమ చెప్పు కాలి నుంచి జారిపోయేది, జారినట్టు నాకు తెలిసేది కాదు. వెనక నుంచి ఎవరో పిలిచి చెప్పాల్సి వచ్చేది. మెడ వంచితే వీపు పొడుగునా కరెంటు పాకేది. ఎండ ముదిరినకొద్దీ కాళ్లు బియ్యం బస్తాలయ్యేవి. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. అత్తమ్మ చూసి ఊరుకునే మనిషా!

"ఏందే, గోడ వడిపోతదని పట్టుకున్నవా?" అనేది.

నాకు నవ్వొచ్చేది, ఒళ్లు మండేది కూడా. అత్తమ్మ నోరు మా గల్లీ అంతా ఎరిగిందే. ఆమె దృష్టిలో కోడలి రోగాల్లో సగం పని తప్పించుకోవడానికి వచ్చేవే. ఆసుపత్రులేమో కరోనా తప్ప ఇంకేమీ చూడని రోజులు. కాలు మొద్దుబారిందని పోతే గేటు దగ్గరే వెనక్కి పంపించారు.

2020, చలికాలం

చివరికి ఒక నరాల డాక్టరమ్మ దొరికింది. గుజరాతీ ఆవిడ, హిందీలో నెమ్మదిగా మాట్లాడుతుంది. ఎమ్మారై తీయించింది, నడుములో సూది గుచ్చి నీళ్లు తీయించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంది. మన ఒంటిని కాపాడాల్సిన కణాలే నరాల మీది తొడుగును తినేస్తాయట. కొందరికి వచ్చిపోతూ ఉంటుంది, కొందరికి వెనక్కి రాకుండా మెల్లగా ముందుకే పోతుంది, నీది ఆ రెండోది అని చెప్పింది. నేను ఏడవలేదు. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, ఆ పేరు పలకడం నేర్చుకున్నాను. అంత కష్టమైన పేరు ఎప్పుడూ నోటికి రాలేదు.

ఆ బల్ల మీదే సూరత్‌లోనే వరాఛా వైపు నుంచి వచ్చే ఒక గుజరాతీ ఆవిడ పరిచయమైంది. ఆమెకూ ఇదే జబ్బు. నా చెప్పుల వంక చూసి ఏమీ అడగలేదు. మళ్లీ నెల వచ్చినప్పుడు మడమకు పట్టీ కుట్టించిన చెప్పుల జత ఒకటి తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది. మాస్కుల వల్ల ఆమె ముఖం నేను సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు ఎదురుపడితే గుర్తుపట్టలేను.

ఈ జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లల్లో వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకటి తెలుసుకోండి. ఇది పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. పొద్దున చపాతీలు చేసిన మనిషి మధ్యాహ్నం చెంబు ఎత్తలేకపోవచ్చు. నాటకంలాగే కనిపిస్తుంది. ఆ మనిషికే ఒక్కోసారి నాటకమేమో అని అనుమానం వస్తుంది.

2021, రెండోసారి కరోనా

ఏప్రిల్‌లో అత్తమ్మకు పట్టుకుంది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. స్వాతిని సూరత్‌లో ఇంకో కొసన, అమ్రోలిలో ఉన్న మా తమ్ముడింటికి పంపించేశాం. అత్తమ్మను లోపలి గదిలో పడుకోబెట్టి, ఆమె ఫోను తలగడ పక్కన పెట్టి, తలుపు ఓరగా వేసి, నేను బయటి గదిలో ఉన్నాను. ఆ రోజు పొద్దున ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఆక్సిజన్ సిలిండర్ కోసం రాజేశం లైన్లో నిలబడటానికి పోయాడు. పోతూ, చూస్తుండు అన్నాడు. చూస్తానన్నాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. రేకుల కప్పు కింద గది పొయ్యిలా కాలింది. వేడి తగిలితే నా కాళ్లు పడిపోతాయని అప్పటికే తెలుసు, అయినా అంత తొందరగా పడిపోతాయని తెలియదు. నా ఫోను వంటగట్టు మీద ఛార్జింగ్‌కు పెట్టి ఉంది. నేను కింద చాప మీద ఉన్నాను.

అత్తమ్మ నీళ్లడిగింది. పద్మా, నీళ్లియ్యే, అంది. వస్తున్న అన్నాను. లేవబోతే కాళ్లు రాలేదు. మళ్లీ అడిగింది. గోడ పట్టుకుని మోకాళ్ల మీదికి లేచి, అక్కడి నుంచి పక్కకు పడిపోయాను. బిందె తగిలి పెద్ద చప్పుడైంది. అది ఆమెకు వినపడి ఉంటుంది. కాసేపు లోపలి నుంచి ఆయాసం తప్ప ఏమీ లేదు. తర్వాత ఆమె అన్నది.

"పద్మా, లేవకు బిడ్డా. పడ్తవ్."

ఇరవై ఏళ్లలో నన్ను బిడ్డా అనడం అదొక్కసారే. నేను లేవలేదు. అరిచాను, పక్కింటివాళ్లను పేరుపేరునా పిలిచాను. కరోనా ఉన్న ఇంటి గడప తొక్కడానికి ఆ రోజుల్లో ఎవరికి ధైర్యం? ఎంతసేపు అలా పడి ఉన్నానో నాకు తెలియదు. ఐదు నిమిషాలా, అరగంటా? తర్వాత మోచేతుల మీద పాక్కుంటూ లోపలి గది గుమ్మం దాకా పోయాను. అప్పటికి ఆయాసం వినపడటం లేదు.

రాజేశం సిలిండర్ లేకుండానే వచ్చాడు. నేను గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉన్నాను. అప్పటికి కరెంటు వచ్చి, నా కాళ్లలోకి కొంచెం బలం కూడా వచ్చింది. అదే నా ఖర్మ. ఆయన చూసేటప్పటికి నేను కాళ్లు ముడుచుకుని మామూలు మనిషిలా కూర్చున్నాను.

అమ్మ పిలవలేదా అని అడిగాడు. వినపడలేదు, కన్నంటుకుంది అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. విన్నాను, లేవలేకపోయాను అంటే నమ్మడనుకున్నాను. నిద్రపోయానంటే తిట్టినా అర్థం చేసుకుంటాడనుకున్నాను. ఇక ఆమె అన్న ఆ మాట! కోడలిని సాధించే అత్త, చనిపోతూ, దాహంతో ఉండి, లేవకు బిడ్డా అన్నదని కోడలే చెబితే ఊళ్లో ఎవరు నమ్ముతారు? నన్ను నేను కాపాడుకోవడానికి అల్లిన కథ అంటారు. నేనైనా అలాగే అనేదాన్ని.

2021, వానాకాలం నుంచి

రాజేశం నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నం పెడితే తినేవాడు, మందులు తెచ్చేవాడు. ఎప్పుడైనా నేను తలెత్తితే నా కాళ్ల వంక చూస్తూ ఉండేవాడు. నేను గ్లాసు తీసుకోవడానికి లేస్తే ఆ లేవడాన్ని చూసేవాడు. బట్టలో పోగు వెతికే చూపు అది. దానితో పాతికేళ్లుగా బతుకుతున్నాడు పాపం, ఇంకెలా చూస్తాడు? కన్నంటుకుందన్న నా మాట ఆయన పూర్తిగా నమ్మలేదని, విని కూడా లేవలేదనుకుంటున్నాడని నాకు అనిపించేది. ఆయన ముందు లేవాలంటే నాకు భయం పట్టుకుంది. బాగా లేస్తే ఆనాడెందుకు లేవలేదంటాడు. లేవలేకపోతే నటన అనుకుంటాడు.

మళ్లీ ఎమ్మారై తీశారు. కొత్త మచ్చలేమీ లేవు, స్థిరంగా ఉంది అని రిపోర్టు. నేనేమో అప్పటికి గోడ దాటి కర్రకు వచ్చాను. ఆ సాయంత్రం మా బావగారు ఊరి నుంచి ఫోన్ చేస్తే, రాజేశం బయట వరండాలో నిలబడి, రోగం పెరగలేదంట, రిపోర్టులో ఏం లేదంట, అని చెప్పడం విన్నాను. గొంతులో కోపం లేదు. వట్టిగా చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు నా మీదే అనుమానం మొదలైంది. నిజంగా లేవలేకపోయానా? ఇంకొక్కసారి ప్రయత్నించి ఉంటే లేచేదాన్నేమో? లేవకు అని ఆమె అనగానే హమ్మయ్య అనుకుని ఆగిపోయానేమో? వంట చేస్తూ ఉంటే లోపలి గదిలోంచి నీళ్లియ్యే అని వినపడేది. గ్లాసు పట్టుకుని రెండుసార్లు గుమ్మం దాకా పోయాను కూడా. స్వాతి చూసి, మమ్మీ, ఎవరికి అంది. మొక్కకు అన్నాను. మా ఇంట్లో మొక్కలు లేవు.

2022

డాక్టరమ్మను ఒకరోజు నేరుగా అడిగేశాను. రిపోర్టు బాగుంటే నేనెందుకు బాగాలేను? నేను కావాలని చేస్తున్నానా?

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. ఎమ్మారై కాలిన చోటు చూపిస్తుంది, కాలుతున్న చోటు కాదు అంది. మెదడులో కాపలా కణాలుంటాయట. ఈ రకం జబ్బులో అవి కొత్త మచ్చ వెయ్యకుండానే ఏళ్ల తరబడి లోలోపల రగులుతూ ఉంటాయట. బూడిద కింద నిప్పులా అంది హిందీలో. నివురుగప్పిన నిప్పు అని మనం అనుకునేదే. దాన్ని చూడటానికి వేరే స్కాన్ ఉంది, రక్తంలోకి ఒక మందు ఎక్కిస్తే అది పోయి ఆ రగిలే కణాలకు అంటుకుంటుంది, బొమ్మలో వెలుగుతుంది. అది ఇక్కడ చెయ్యరు, ముంబైలో పరిశోధన కోసం చేస్తున్నారు, కావాలంటే నీ పేరు పంపుతాను అంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది. దానివల్ల నీ వైద్యం మారదు, నీ కాళ్లకు ఏ మేలూ జరగదు. ఇంటికి పోయి ఆలోచించుకొమ్మంది. నేను ఆలోచించలేదు, అక్కడే సరేనన్నాను.

ముందు రక్తపరీక్ష. కొందరి ఒంటితీరు వల్ల ఆ మందు సరిగా అంటుకోదట, అలాంటివాళ్లను తీసుకోరు. ఫలితం వచ్చేదాకా నాకు తిండి సయించలేదు. ఆ దినాల్లోనే పోచమ్మకు ముడుపు కట్టాను. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, తల్లీ, నా తలలో నిప్పు ఉండేలా చూడు, అది ఆయన కంటికి కనపడేలా చూడు, అని మొక్కాను. రోగం పోవాలని ముడుపు కట్టేవాళ్లను చూశాను గానీ, రోగం కనపడాలని కట్టినదాన్ని నన్నే చూశాను. ఇది చదివి తిట్టుకోండి, ఫరవాలేదు.

రక్తం సరిపోయిందన్నారు. ముంబై పోయాం. రాజేశం నన్ను చక్రాల కుర్చీలో తోసుకుంటూ తిప్పాడు. చేతికి సూది పెట్టి, గొట్టంలో పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ వేశారు. గంటకు పైగా పడుతుంది, కదలొద్దు అన్నాడు మిషన్ నడిపే మనిషి. కళ్లు మూసుకోగానే పక్కగదిలో ఆయాసం మొదలైంది. ఇది మిషన్ చప్పుడు, ఇది ముంబై అని చెప్పుకున్నాను. లేవకు బిడ్డా అని వినపడింది. లేవను అన్నాను. పైకే అన్నానేమో, మైకులో ఆ మనిషి, మాట్లాడొద్దమ్మా అన్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి లేదు.

కొన్ని వారాలకు ఆ బొమ్మలు మా డాక్టరమ్మ దగ్గరికి వచ్చాయి. ఇద్దరినీ కూర్చోబెట్టి కంప్యూటర్ మా వైపు తిప్పింది. బూడిదరంగు మెదడు, అందులో పాత మచ్చల అంచుల్లో, లోపల లోపల, పసుపూ ఎరుపూ. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడా, అని పెన్నుతో చూపించింది. రాజేశం కుర్చీలోంచి లేచి, ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. నాకు సంతోషం కలిగింది. సిగ్గులేని సంతోషం, ఒళ్లంతా. నా మెదడు కాలుతోందని చూసి పండగలా అనిపించింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నాకు భయమేస్తుంది.

పోయినేడు కూడా ఇట్లనే ఉండెనా అని ఆయన హిందీలో అడిగాడు. ఏ రోజు సంగతి అడుగుతున్నాడో ఆవిడకు తెలియదు, నాకు తెలుసు. ఇది స్కాన్ తీసిన రోజు బొమ్మ, వెనకటి రోజుల గురించి దీన్ని అడగలేం అంది ఆవిడ. కానీ ఆమె కాళ్లు ఇన్నాళ్లుగా చెబుతున్నదీ ఇదీ ఒకటే, ఆమె చెప్పింది మీరు నమ్మొచ్చు, అని కూడా అంది.

మందుల కోసం నంబరు తీసుకుని బయట బల్ల మీద కూర్చున్నాం. ఆయన చేతిలోని నంబరు చీటీని మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ఆనాడు అమ్మ నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలే."

లైను కదులుతోందట, ఇంకో పదిమంది ముందున్నారట. ఎత్తితే, భయమైతాంది ఇంటికి రా అంటుందేమో, ఆ గొంతు వింటే లైనులో నిలబడలేనేమో అనుకున్నాడట. మూడుసార్లూ కట్ చేశాడు. ఇన్నాళ్లూ నువ్వు లేవలేదు, నువ్వు లేవలేదు అని లోపల అనుకుంటూ దాన్ని మరుగుపెట్టానని చెప్పాడు. ఆ తెర మీది బొమ్మ చూశాక ఇక తప్పు నా మీద పెట్టడానికి లేదన్నాడు. ఇంత పెద్ద మనిషి చీటీతో కళ్లు తుడుచుకున్నాడు. నంబరు పిలిచారు, లేవలేదు.

"ఎత్తితే ఆఖరి మాటన్న వినేటోన్ని," అన్నాడు.

నేను ముడుపు కట్టింది ఈ క్షణం కోసమే. చెప్పాను.

"ఆఖరి మాట నేను విన్న. లేవకు బిడ్డా, పడ్తవ్, అన్నది నన్ను."

ఆయన అప్పుడు నా ముఖం చూశాడు. మెల్లగా, కోపం లేకుండా అన్నాడు.

"వినపడలేదన్నవ్ గదా ఆనాడు."

"అన్న," అన్నాను.

నా కాళ్లు అబద్ధం ఆడలేదని మిషన్ చెప్పింది. నేను ఆడిన అబద్ధానికి మిషన్ ఏం చేస్తుంది? నమ్మరేమో అన్న భయంతో జబ్బు మనిషి ఆడే చిన్న అబద్ధం తర్వాత చెప్పే నిజాన్ని కూడా మింగేస్తుంది. మీలో ఎవరైనా నాలాంటి గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే, నమ్మినా నమ్మకపోయినా జరిగింది జరిగినట్టు చెప్పేయండి. నేను చెప్పగలిగిన జాగ్రత్త అదొక్కటే.

ఆయన నన్ను మళ్లీ ఆ సంగతి నిలదియ్యలేదు. నన్ను లేపుతాడు, స్నానానికి పట్టుకుంటాడు, నా కాళ్ల వంక ఇప్పుడు వేరేగా చూస్తాడు. కానీ ఎప్పుడో వారానికో పదిరోజులకో, పని నుంచి వచ్చి చెమట తుడుచుకుంటూ, నా పక్కన కూర్చుని, అమ్మ ఏమన్నది అని అడుగుతాడు. నేను చెబుతాను. నీళ్లు రెండుసార్లు అడిగిందని, నేను పడ్డానని, తర్వాత ఆ మాట అన్నదని. తల వంచుకుని వింటాడు. ఎక్కడైనా ఒక మాట మారుతుందేమోనని వింటాడో, మారకూడదని వింటాడో నాకు తెలియదు. నేను అడగలేదు. నిన్న సాయంత్రం కూడా అడిగాడు. ఒక్క మాటా మార్చకుండా చెప్పాను.